యాభై, తొంభైయారు, నూరు

మా మాస్టారు అసలు హార్మోనిస్టు. నాటకాల కంపెనీలో పెట్టె వాయిస్తూ బందరు, ఏలూరు, కాకినాడ తిరిగిన మనిషి. టాకీలొచ్చి కంపెనీలు ఒక్కొక్కటే చతికిలబడుతుంటే, ఆయన హార్మోనియం అమ్మేసి, ఆ డబ్బుతో ఓ సోల్డరింగ్ కడ్డీ, ఓ మీటరు కొనుక్కుని, తన పొట్ట కొట్టిన టాకీల మరమ్మతుకే దిగారు. "దొంగ ఇంట్లోనే అన్నం తింటున్నాన్రా" అనేవారు నవ్వుతూ.

నేను ఆయన దగ్గర చేరింది 1967లో. నాకు పదిహేడేళ్ళు. బెజవాడ గాంధీనగర్‌లో అప్పుడు గుమ్మం గుమ్మానికీ ఓ సినిమా డిస్ట్రిబ్యూటరు ఆఫీసు. పొద్దున్నే రేకు ఫిలిం పెట్టెలు వేసుకుని రిక్షాలు రైల్వేస్టేషనుకి, బస్టాండుకి పోతుండేవి. మా కొట్టు ఓ మేడమెట్ల కింద ఉండేది. బోర్డు లేదు. 'సౌండు మాస్టారి కొట్టు' అంటే చాలు, రిక్షావాళ్ళు తెచ్చి దింపేవాళ్ళు.

మొదటిరోజు నాకు మీటరు చేతికివ్వలేదు. బల్లమీద ఓ వాల్వుల ఆంప్లిఫయరు, దానికో స్పీకరు. స్పీకరు గుయ్యిమంటోంది.

"ఏంటది?" అన్నారు.

"గుయ్యిమంటోందండీ."

"అది ఊళ్ళో చెవిటాయనకీ తెలుసు. ఏ గుయ్యి?"

నాకేం తెలుసు! ఆయన శృతిపెట్టె ముందు కూర్చున్నవాడిలా కళ్ళు మూసుకుని చెప్పారు. "ఇది యాభై. కరెంటువాడి షడ్జమం. తీగల్లోంచి, ట్రాన్స్‌ఫార్మర్లోంచి ఎక్కుతుంది. దీని పైస్థాయి షడ్జమం నూరు. అది దీపంలోంచి వస్తుంది. రెండిటికీ మధ్యన తొంభైయారని ఇంకోటుంది, ఫిలిం చిల్లులది. కాకలి నిషాదానికీ పై షడ్జమానికీ మధ్య సందులో ఇరుక్కుని ఉంటుంది. ఏ రాగంలోనూ లేని స్వరం. ఈ మూడూ విడివిడిగా పట్టుకున్నావంటే సగం పని వచ్చినట్టే."

నూటికీ తొంభైయారుకీ అర స్వరం తేడా కూడా లేదు. దాన్ని చెవితో పట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మాస్టారు ఓ కిటుకు చెప్పారు: రెండూ ఒకేసారి ఉంటే గుయ్యి నిలకడగా ఉండదు, సెకనుకి నాలుగుసార్లు పైకీ కిందికీ ఊగుతుంది. ఊగుతోందంటే దొంగలిద్దరున్నట్టు లెక్క.

ఇదంతా ఎందుకో తెలియాలంటే సినిమాకి గొంతెలా వచ్చిందో కొంచెం చెప్పాలి. మన రఘుపతి వెంకయ్య నాయుడుగారు మద్రాసులో ఫోటో స్టూడియో నడిపిన మనిషి. 1910 ప్రాంతంలో ఆయన క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. బొమ్మ ఫిలిం మీద, మాట గ్రామఫోన్ పళ్ళెం మీద. రెంటినీ కలిపి నడపాలి. వాల్వు ఆంప్లిఫయర్లు లేని రోజులు కనక, హాలంతా వినపడటానికి శబ్దాన్ని గాలి ఒత్తిడితో పెంచేవారు. ఆ యంత్రంతో ఆయన ఊళ్ళు తిరిగి ఆటలాడించి, 1914లో మద్రాసులో గెయిటీ కట్టారు. మా బెజవాడలో మారుతీ సినిమా 1921లో వచ్చింది. అప్పటికింకా మూకీలే. మిషను చప్పుడు కప్పెయ్యడానికి తెరపక్కన హార్మోనియం, తబలా వాయించేవారు. మాస్టారు కుర్రతనంలో ఆ పనీ చేశారట. ఆయన లెక్కన సినిమాహాల్లో రొద పోగొట్టే ఉద్యోగం మొదటినుంచీ ఆయనదే, వాయిద్యం మారిందంతే.

1931 మార్చిలో బొంబాయిలో 'ఆలం ఆరా', ఆ మరుసటేడు మన 'భక్త ప్రహ్లాద'. అప్పటికి మాట పళ్ళెం మీంచి దిగి ఫిలిం మీదకే ఎక్కింది. బొమ్మ పక్కన, చిల్లుల వరసకి లోపలగా, అంగుళంలో పదోవంతు వెడల్పున ఓ పట్టీ. ఆ పట్టీ కొన్ని కంపెనీల ఫిలింలో రంపపు పళ్ళలా ఉండేది, కొన్నిట్లో సన్నటి బూడిదరంగు మెట్లలా ఉండేది. మిషను కింద సౌండుబాక్సులో ఎక్సైటర్ లాంపు అని చిన్న దీపం. దాని వెలుగుని అంగుళంలో వెయ్యోవంతంత సన్నటి గీతగా మార్చి పట్టీ మీద పడేస్తారు. ఫిలిం నిమిషానికి తొంభై అడుగుల వేగంతో ఆ గీత ముందునుంచి పోతుంది. నలుపు తెలుపుల్ని బట్టి అవతలకి దాటే వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ఆ వెలుగుని ఫోటోసెల్లు కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటు ఎంత పీలగా ఉంటుందంటే, దాన్ని స్పీకరు కదిపే స్థాయికి తేవాలంటే ఆంప్లిఫయరు లక్షలరెట్లు పెంచాలి. మాటని పెంచినట్టే మధ్యలో దూరిన చెత్తనీ పెంచుతుంది. దానికి రామాయణమూ ఒకటే, రొదా ఒకటే.

దీపం గీతకి వెలుగు తప్ప ఇంకేమీ తెలియదు. వెలుగు కదిలితే చాలు, అది శబ్దమే. దీపానికి మామూలు ఇంటి కరెంటు ఇస్తే దాని తీగ సెకనుకి నూరుసార్లు వేడెక్కి చల్లారుతుంది. కంటికి కనపడదు, ఫోటోసెల్లుకి కనపడుతుంది. అదే నూరు. అందుకే తొలినాళ్ళలో పెద్ద హాళ్ళలో ఎక్సైటర్ దీపం కోసం బ్యాటరీల గదే వేరే ఉండేది. ఆ బ్యాటరీల ఆసిడ్డు తన పంచెలెన్నిటికి చిల్లులు పెట్టిందో మాస్టారు లెక్కచెప్పేవారు. తర్వాత రెక్టిఫయర్లు వచ్చాయి.

తొంభైయారు కథ ఇంకా తమాషా. ఒక్కో బొమ్మకి నాలుగు చిల్లులు, సెకనుకి ఇరవైనాలుగు బొమ్మలు. గుణిస్తే తొంభైయారు. సౌండు పట్టీకీ చిల్లులకీ మధ్య జాగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఫిలిం అంత పక్కకి జరిగిందంటే దీపం గీత చిల్లుల్ని చదవటం మొదలెడుతుంది. రెండోవైపుకి జరిగితే బొమ్మల మధ్య అడ్డగీతల్ని చదువుతుంది. అది సెకనుకి ఇరవైనాలుగు, స్వరం కూడా కాదు, డుబుడుబుమని దెబ్బలు. కృష్ణకి అడ్డంగా లాంచీ పోతున్నట్టుంటుంది. దివిసీమ ఆపరేటర్లు దాన్ని 'లాంచీ' అనే పిలిచేవారు. "మాస్టారూ, మూణ్ణాళ్ళనుంచి హాల్లో లాంచీ తిరుగుతోంది, రండి" అని కబురొచ్చేది.

అలాంటి ఓ కబురు మీదే నేను ఒంటరిగా మొదటి మరమ్మతుకి వెళ్ళాను. 1970 ఎండాకాలం. నాగాయలంక అవతల ఓ టూరింగ్ టాకీసు. డేరా, చుట్టూ తడికెలు, ముందు నేల, వెనక బెంచీలు, ఆ వెనక నాలుగు కుర్చీలు. మిషను ఒక్కటే, కనక రీలు రీలుకీ ఆపేవారు. కరెంటు లేదు, బయట ఆయిలింజను, దానికి బెల్టుతో ఏసీ డైనమో. సాయంత్రం లౌడ్‌స్పీకర్లో ఘంటసాల 'నమో వెంకటేశా' వేశారంటే నాలుగూళ్ళలో జనం చేతులు కడుక్కుని బయల్దేరేవాళ్ళు. ఆ పాట వెనకాలే వినపడుతోంది గుయ్యి. అదీ నిలకడగా లేదు, సన్నగా ఈలలా లేచి పడుతోంది, మధ్యమధ్య చిటపట.

మాస్టారు నేర్పిన వరస ఒకటుంది, నేను నలభైయేళ్ళు దాన్నే పాటించాను. ముందు ఫిలిం ఆపు, దీపం వెలగనీ. రొద ఆగిపోతే అది ఫిలింది. ఆగకపోతే దీపానికీ లెన్సుకీ మధ్య అట్టముక్క పెట్టు. అప్పుడాగితే అది వెలుగులోది. ఇంకా ఆగకపోతే ఫోటోసెల్లు తీగ ఊడదియ్యి. అప్పటికీ ఆగకపోతే ఆంప్లిఫయర్లో ముందునుంచి వెనక్కి ఒక్కో వాల్వూ పీకుతూ పో. ఏ వాల్వు పీకితే రొద పోయిందో అక్కడో, దానికి ముందో ఉంది తేడా. నా అట్టముక్క ఓ పాత శుభలేఖ. ఎవరిదో పెళ్ళి, పసుపు మరకలతో సహా ఇప్పటికీ సంచీలో ఉంది.

ఆ రాత్రి ఫిలిం ఆపినా రొద ఆగలేదు. శుభలేఖ పెట్టినా ఆగలేదు. మొదటి వాల్వు పీకినా చిటపట అలాగే ఉంది. డేరా బయటికెళ్ళి డైనమో దగ్గర నిలబడ్డాను. చీకట్లో బ్రష్షుల దగ్గర నీలంగా నిప్పురవ్వలు. ఆ రవ్వలే తీగలెంట ఎక్కొచ్చి స్పీకర్లో వేగుతున్నాయి. కార్బన్ బ్రష్షుల్ని గరుకు కాగితంతో కూర్చోబెట్టి, అడ్డంగా ఓ కండెన్సరు కట్టాను. రవ్వలు తగ్గాయి, చిటపటా తగ్గింది. ఈల పూర్తిగా పోలేదు. పోగొట్టేంత సరుకు నా సంచీలో లేదు. ప్రొప్రయిటరుగారు ఎనిమిది రూపాయలిచ్చి, నేలమీద కూర్చుని సినిమా చూసి పొమ్మన్నారు.

ఆ ఊళ్ళోనే తెలిసిందింకోటి. పదిరోజుల తర్వాత మళ్ళీ వెళ్ళి ఎక్సైటర్ దీపం సంగతి చూస్తే, దాని రెక్టిఫయరు ఎప్పుడో కాలిపోయిందట. ఆట ఆగకూడదని వేరే ఊళ్ళో ఉన్నప్పుడే, అక్కడి కరెంటుకి ట్రాన్స్‌ఫార్మరు పెట్టి నేరుగా దీపం వెలిగించేశారు. ఏడాదిగా నూరు గుయ్యిమంటూనే ఉంది. జనం కూడా దానికి అలవాటుపడిపోయారు. నేను దాన్ని తీసేసేసరికి ఆపరేటరు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "సౌండు దమ్ము తగ్గిందేంటన్నా?" అన్నాడు. గుయ్యి పోతే దమ్ము పోయినట్టు అనిపించడం తర్వాత చాలా హాళ్ళలో చూశాను. మొదటిసారి మాత్రం నిజంగానే ఏదో పాడుచేశానేమోనని రాత్రంతా నిద్రపట్టలేదు.

మా సామానులో అన్నిటికన్నా విచిత్రమైంది ఓ ఫిలిం తుండు. దాన్ని బజ్ ట్రాక్ అంటారు. చెయ్యి పొడుగున్న ముక్కని చుట్టగా అతికించి సౌండుబాక్సులో తిప్పుతాం. సౌండు పట్టీ ఉండాల్సిన చోట అందులో ఏమీ ఉండదు. ఆ చోటుకి ఒకవైపు అంచున మూడువందల సైకిళ్ళ మోత, రెండోవైపు అంచున వెయ్యి సైకిళ్ళ మోత అచ్చువేసి ఉంటాయి. దీపం గీత సరిగ్గా మధ్యలో ఉంటే రెండూ వినపడవు. బొంగురు మోత వినపడితే ఒకవైపు జరిగినట్టు, కీచు మోత వినపడితే ఇంకోవైపు. గైడు రోలరు మర తిప్పుతూ రెండూ వినపడకుండా చెయ్యాలి. వినపడకుండా చెయ్యడమే దాని పని.

తెనాలి వైపు ఓ హాల్లో తొంభైయారు పట్టుకుంటే దీన్ని వేసి గంటసేపు సర్దాను. గైడు రోలరు స్ప్రింగు సాగిపోయి ఉంది. కొత్తది వేసి, మర తిప్పితే కీచు పోయింది, బొంగురు వచ్చింది. ఇంకొంచెం వెనక్కి తిప్పితే అదీ పోయింది. హాలంతా నిశ్శబ్దం. ప్రొప్రయిటరుగారు క్యాబిన్ మెట్లెక్కి వచ్చారు.

"ఏమైంది, సౌండు రావట్లేదే?"

"రాకూడదండీ. రాలేదంటే బాగైనట్టు."

"సౌండు రాని ఫిలిం వేసి బాగుచేశానంటావు. సౌండు వచ్చే ఫిలిం వేస్తే చెప్పు, డబ్బులిస్తా."

మ్యాట్నీ మొదలయ్యేదాకా కూర్చోబెట్టారు. పాట వచ్చేదాకా ఒప్పుకోలేదు. ఆయన్నని ఏం లాభం. ఈ పనిలో మొదటినుంచీ ఉన్న కష్టమే అది. ప్లంబరు నీళ్ళు చూపించి డబ్బు తీసుకుంటాడు, నేను చూపించడానికేముంది?

రొదలన్నీ గుయ్యిలే కావు. ఫిలిం తెగితే ఆసిటోను కలిసిన సిమెంటుతో అతుకేస్తారు. ఆ అతుకు దీపం ముందునుంచి పోయినప్పుడు 'టప్'మని గుండెలమీద కొట్టినట్టు వస్తుంది. దానికి మందు అతుకు మీద సౌండు పట్టీ మేరకి నల్లసిరాతో త్రికోణం దిద్దడం. వెలుగు ఒక్కసారిగా మారకుండా మెల్లగా తగ్గి మెల్లగా పెరుగుతుంది, చెవికి తెలియదు. సిరా అయిపోయిందని ఓ ఆపరేటరు భార్య కాటుక తెచ్చి దిద్దాడు. మూడో ఆటకల్లా అది గేటుకీ, రోలరుకీ, తర్వాతి రెండువందల అడుగుల ఫిలిముకీ పూసుకుని, సినిమాలో సగం జనం దగ్గుతున్నట్టు వినపడింది.

అరిగిన ప్రింట్లు వేరే రకం. ఫిలిం మీద గీత పడ్డా దుమ్ము పడ్డా, పట్టీలో తెల్లటి భాగం మీద పడితేనే వినపడుతుంది, నల్లటి భాగం మీద పడితే తెలియదు. అందుకే 1930ల మొదట్లోనే మాట లేనిచోట తెలుపు తగ్గించి పట్టీ అచ్చువేసే పద్ధతి కనిపెట్టారు. అయినా మాకొచ్చే ప్రింట్లు బెజవాడ, గుంటూరు, ఏలూరు అన్నీ తిరిగి, ఏ పల్లెకో చేరేసరికి నలుపూ మిగిలేది కాదు, తెలుపూ మిగిలేది కాదు. వానాకాలం రేకు కప్పు మీద చినుకుల్లా చిటపటలాడుతూ ఉండేవి. వాటికి నేను చెయ్యగలిగిందేం లేదు. ట్రెబుల్ తగ్గించమని చెప్పేవాణ్ణి. హాలీవుడ్ వాళ్ళూ చేసిందదే: 1938లో అకాడమీ వాళ్ళు హాళ్ళలో పైస్వరాల్ని ఎంత తొక్కెయ్యాలో ఓ కొలత పెట్టారు. పాత సినిమాల్లో గొంతులన్నీ దుప్పట్లోంచి మాట్లాడినట్టుండటానికి అదో కారణం. పాటలో తీపి కొంచెం పోయినా ఫరవాలేదు, బుస వినపడకూడదు.

ఫోటోసెల్లుల్లో వాయువు నింపినవి ఉండేవి, తొంభై వోల్టుల మీద పనిచేసేవి. వోల్టేజీ పెరిగితే లోపల ఊదారంగులో వెలుగు కమ్మి, నూనెలో గారెలు వేగుతున్న చప్పుడు వస్తుంది. వాల్వుల్లో లోపలి తీగచుట్ట వదులైతే దాని పక్కన అడుగేసినా గంట మోగినట్టు మోగుతుంది. వాటిని పెన్సిలుతో తడుతూ పట్టుకునేవాణ్ణి. ఎండాకాలం రేకుల క్యాబిన్లో ఎలెక్ట్రోలిటిక్ కండెన్సర్లు లోపల ఎండిపోతాయి, మే నెలలో ఉన్నట్టుండి ఊరంతా గుయ్యిమనేది. అది మాకు కల్తీలేని రాబడి. బల్లులు ఇంకో రాబడి. ఆంప్లిఫయరు వెచ్చగా ఉంటుందని చలికాలం లోపల దూరి, నాలుగువందల వోల్టుల మీద తోక పెట్టేవి. మూత తియ్యగానే వచ్చే వాసనని బట్టి మాస్టారు ఎన్నాళ్ళైందో చెప్పేవారు.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత సంగతి ఒకటి చెప్పాలి. కొన్ని నెలలకి అవనిగడ్డ వైపునుంచి ఓ ఆంప్లిఫయరు మా కొట్టుకి వచ్చింది. నీళ్ళలో మునిగింది. ట్రాన్స్‌ఫార్మర్లు మార్చి, మిగతాది మంచినీళ్ళతో కడిగి, వారం ఎండబెట్టి పంపాం. బ్రహ్మాండంగా ఉందన్నారు. పదిరోజులకి వెనక్కి వచ్చింది: సెకండ్ షోలో చిటపటట. కొట్లో పగలంతా నడిపాను, ఏమీ లేదు. మళ్ళీ పంపాం, మళ్ళీ వెనక్కి వచ్చింది. చివరికి నేనే వెళ్ళి మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో వరసగా విన్నాను. పదకొండు దాటి గాలిలో చెమ్మ ఎక్కాక మొదలైంది. వాల్వుల సాకెట్ల సందుల్లో కంటికి కనపడని ఉప్పు మిగిలిపోయింది. పగలు పొడిగా ఉండేది, రాత్రి చెమ్మ పీల్చుకుని కరెంటు కార్చేది. సాకెట్లన్నీ పీకి కొత్తవి వేశాను. పని అయ్యాక ఆపరేటరు నన్ను సైకిలు మీద బస్సుదాకా దింపాడు. దారిలో అతను తన ఇంటివాళ్ళ గురించి చెప్పాడు. ఆ మరమ్మతుకి మాస్టారు డబ్బు తీసుకోనివ్వలేదు.

మాస్టారి చెవి గురించి ఇంకోమాట. కరెంటు యాభై సైకిళ్ళుండాలని పుస్తకం. సాయంత్రమయ్యేసరికి పొలాల్లో మోటార్లన్నీ లాగుతుంటే నలభైఎనిమిదికి దిగిపోయిన రోజులున్నాయి. మిషను మోటారు ఆ కరెంటు మీదే తిరిగేది కనక ఫిలిమూ నిదానించేది. గుయ్యిలు మూడూ కలిసి దిగేవి, వాటి మధ్య వరస మాత్రం తప్పేది కాదు. పాట కూడా దిగేది, ముప్పాతిక అరస్వరం. నాకు తెలిసేది కాదు. మాస్టారికి క్యాబిన్ మెట్లెక్కుతుండగానే తెలిసిపోయేది. "ఘంటసాలకి జలుబు చేసిందిరా ఇవాళ" అనేవారు. ఆపరేటర్లు నవ్వేవాళ్ళు. మీటరు పెట్టి చూస్తే నలభైఎనిమిదీ చిల్లర.

మాస్టారు 1981లో పోయారు. ఆ తర్వాత వచ్చినవన్నీ నా ఒక్కడి చెవి మీదే పడ్డాయి. 1986లో కృష్ణగారి 'సింహాసనం' 70 ఎంఎం, ఆరు ట్రాకుల సౌండుతో వచ్చింది. అందులో సౌండు వెలుగుతో చదివేది కాదు. ఫిలిం అంచున టేపురికార్డరు రిబ్బను లాంటి అయస్కాంతపు పూత. నూరూ లేదు, తొంభైయారూ లేదు. మహదానందపడ్డాను. అయితే హెడ్డు దగ్గరకి మామూలు స్క్రూడ్రైవరు తీసుకెళ్ళానంటే, దానిలో ఉన్న కాస్త అయస్కాంతం హెడ్డుకి అంటుకుని బుసబుసమనేది. ఇత్తడి స్క్రూడ్రైవరు చేయించుకున్నాను. యాభై మాత్రం అక్కడా ఉంది, పెద్దన్నయ్యలాగా.

డాల్బీ పేరు తెలియని ప్రేక్షకుడు ఇప్పుడు లేడు. రే డాల్బీ అనే అమెరికన్ 1963 నుంచి 65 దాకా యునెస్కో తరఫున చండీగఢ్‌లో పనిచేశాడని, అక్కణ్ణుంచి వెళ్ళే లండన్‌లో బుస తగ్గించే కంపెనీ పెట్టాడని చాలాకాలానికి చదివాను. చండీగఢ్ కరెంటు ఎలా ఉండేదో, ఆయన టేపుల్లో ఏ గుయ్యి విన్నాడో అడగాలనిపించింది.

ఆఖరిది నీలం ట్రాకు. 2000 దాటాక ప్రింట్లలో సౌండు పట్టీ నలుపు పోయి నీలంగా రావడం మొదలైంది. నల్లటి పట్టీలో వెండి ఉంటుంది, దాన్ని నిలబెట్టడానికి ల్యాబులో ప్రత్యేకంగా రసాయనం పుయ్యాలి. ఆ ఖర్చూ, ఆ మురికినీళ్ళూ తప్పించడానికి ఉత్త రంగుతోనే పట్టీ అచ్చువేశారు. పెద్ద హాళ్ళకి ముందే తెలుసు. చిన్న ఊళ్ళకి ఎవరూ చెప్పలేదు. కొత్త సినిమా వేస్తే సౌండు గుసగుసలా వస్తోందని ఒకేవారంలో నాలుగు ఫోన్లు. ఆపరేటర్లు ఫేడరు తుదికంటా తిప్పేశారు, దాంతో మాట కన్నా బుస ఎక్కువైంది. నేనూ మొదటి హాల్లో, ఫోటోసెల్లు బదులు వచ్చిన సోలార్ సెల్లు మార్చాను, ఆంప్లిఫయరు విప్పాను, రోజంతా వృథా. సాయంత్రం ఫిలిం ముక్కని చేతిలోకి తీసుకుని ఎక్సైటర్ దీపానికి అడ్డం పెట్టి చూశాక గానీ బుర్రకెక్కలేదు. ఆ దీపంలో కంటికి కనపడని వేడి వెలుగు ఎక్కువ. సెల్లు ముఖ్యంగా దాన్నే చూస్తుంది. నీలం రంగు దానికి గాజుపలకతో సమానం, అడ్డే కాదు. దీపం తీసేసి బఠాణీగింజంత ఎర్ర ఎల్‌ఈడీ పెడితే అంతా సరి. డీసీ మీద వెలిగే ఆ గింజతో నూరు కూడా పోయింది. ముప్పైయేళ్ళు వేటాడినదాన్ని వందల రూపాయల్లో వచ్చే దీపం ఊదేసింది. నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం.

తర్వాత ఫిలిమే పోయింది. మా జిల్లాలో హాళ్ళు ఒక్కొక్కటే సర్వరు పెట్టెలకి మారిపోయాయి. మిషన్లని తూకానికి అమ్మారు. వెస్ట్రెక్సూ సింప్లెక్సూ ఒకే తక్కెడలో ఒకే రేటు. కొట్టు మూసేశాను.

ఓ రోజు గుడివాడ దగ్గర మా వియ్యాలవారి ఊళ్ళో, మనవడు బతిమాలితే సినిమాకి వెళ్ళాను. అది నేను పాతికేళ్ళు మరమ్మతు చేసిన హాలే. కొత్త ప్రొజెక్టరు, కొత్త సర్వరు, ఆంప్లిఫయర్లు మాత్రం పాతవే. పేర్లు పడకముందు తెర నల్లగా ఉన్నప్పుడు వినపడింది, యాభై. మనవడికి వినపడలేదు. ఇంటర్వెల్‌లో క్యాబిన్ మెట్లెక్కాను. మోకాళ్ళు నెప్పి. పైన ఉన్న కుర్రాడికి నేనెవరో తెలియదు. "సిటీ నుంచి ఇంజనీరొచ్చి చూశాడండీ, దొరకలేదన్నాడు" అన్నాడు.

సర్వరు పెట్టెకో ఎర్తు, ఆంప్లిఫయరుకో ఎర్తు, రెండిటినీ కలుపుతూ ఆడియో తీగ మీద అల్లిక. మూడూ కలిసి చుట్టైపోయింది. కరెంటు ఆ చుట్టులో తిరుగుతోంది. "గోడ ఎర్తులు ముట్టుకోకు. ఈ తీగ మీది అల్లిక ఆంప్లిఫయరు వైపు కొసన విప్పి, టేపు చుట్టు" అన్నాను. అనుమానంగా చూసి, విప్పాడు. యాభై పోయింది.

నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. "ఇంకేమన్నా ఉందాండీ?" అన్నాడు.

"ఆగు, తొంభైయారు..." అన్నాను. ఫిలిమే లేదు, చిల్లులెక్కడివి. కిందనుంచి మనవడు పాప్‌కార్న్ అయిపోయిందని కేకేస్తున్నాడు.